ఇరవై రకాలు, ఒకే చెక్: బాన్‌ఫెరోనీనా, బెంజమినీ–హాక్‌బర్గా?

థీసిస్ రాసే రోజులొస్తే అనంతపురం, కదిరి వైపు వేరుశనగ ట్రయల్స్ వేసిన పీజీ పిల్లలందరూ అడిగేది ఇదే: చాలా రకాలను ఒకే చెక్‌తో (పోలిక కోసం వేసే పాత రకంతో) పోల్చినప్పుడు, లేని తేడా ఉన్నట్టు తేలకుండా ఈ రెండు గణాంక పద్ధతుల్లో ఏది వాడాలి అని. సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, అంటే రెండు రకాల సగటులు వేరని చెప్పడానికి ఉండాల్సిన కనీస తేడా) ఒక్కటే చూస్తే చాలదా అని కొందరు. చాలదు. 20 కొత్త రకాలను చెక్ అయిన కదిరి-6తో 5 శాతం స్థాయిలో విడివిడిగా పోల్చారనుకోండి. అసలు ఏ రకంలోనూ తేడా లేకపోయినా, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒక్కదానిలో తేడా ఉన్నట్టు తేలే అవకాశం 64 శాతం. చెక్ అన్నిటికీ ఒకటే కాబట్టి ఇది కొంత తగ్గుతుంది గానీ 5 దగ్గరికి రాదు. ముందు ఎఫ్ పరీక్ష (అన్ని రకాల మధ్య కలిపి ఎక్కడైనా తేడా ఉందా అని చూసేది) దాటాకే సీడీ చూస్తున్నాం కదా అంటారు. ఒక్క రకం నిజంగా బాగుంటే చాలు, ఎఫ్ దాటేస్తుంది. ఆ తర్వాత మిగతా 19కి కాపలా ఉండదు.

బాన్‌ఫెరోనీ 0.05ను 20తో భాగిస్తుంది, గీత 0.0025 దగ్గర పడుతుంది; పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనిపించే అవకాశం) ఆ గీత లోపల ఉంటేనే రకం నెగ్గినట్టు. 1995లో వచ్చిన బెంజమినీ–హాక్‌బర్గ్ పద్ధతిలో పీ విలువలను చిన్నదాని నుంచి పేర్చి, మొదటిదాన్ని 0.0025తో, రెండోదాన్ని 0.005తో, మూడోదాన్ని 0.0075తో, అలా పోలుస్తూ పోతాం. గీత లోపల ఉన్న చిట్టచివరి విలువ దాకా అన్నీ నెగ్గినట్టే. ఉదాహరణకు 0.001, 0.004, 0.006, 0.012 వచ్చి మిగతావన్నీ 0.05 దాటాయనుకోండి. బాన్‌ఫెరోనీలో ఒక్క రకమే మిగులుతుంది, రెండోదానిలో మూడు.

ఏది వాడాలో తేల్చేది ఆ ఫలితం తర్వాత జరిగే పని అని నా గట్టి నమ్మకం. మొదటి ఏడు వడపోతలో పొరపాటున నెగ్గిన రకం వచ్చే ఖరీఫ్‌లో మళ్లీ పరీక్షకు వస్తుంది, అక్కడ దొరికిపోతుంది. పొరపాటున పడేసిన మంచి రకాన్ని మాత్రం మళ్లీ ఎవరూ విత్తరు. వర్షం సరిగ్గా పడని ఏడాది దిగుబడులు ప్లాటుకూ ప్లాటుకూ ఎంత తేడాగా వస్తాయో ఇక్కడ చేసినవాళ్లకు తెలుసు. అలాంటి డేటా మీద బాన్‌ఫెరోనీ పెడితే నిజమైన తేడాలే ముందు పోతాయి. అందుకే వడపోతకు నేను బెంజమినీ–హాక్‌బర్గే వాడమంటాను. అయితే అది హామీ ఇచ్చేది నెగ్గినవాటిలో తప్పుడువి సగటున 5 శాతం మించవని మాత్రమే, ఒక్కో రకం గురించి కాదు.

రైతుకు సిఫారసు చేసే చివరి దశ వేరు. వర్షాధార చేనులో విత్తనం కొని ఎకరాలకు ఎకరాలు వేసేది రైతు, మన తప్పుకు ఖర్చు పెట్టేదీ ఆయనే. అక్కడ ఒక్క తప్పు కూడా ఎక్కువే, కఠినంగా ఉండాల్సిందే. అప్పుడు కూడా బాన్‌ఫెరోనీ కంటే 1979 నాటి హోమ్ పద్ధతి మేలు. కాపలా అంతే, నిజమైన తేడాలు పోయే నష్టం తక్కువ. చెక్‌తో మాత్రమే పోల్చేటప్పుడు డన్నెట్ పద్ధతి ఇంకా సరిపోతుంది. ప్రతి జతనూ పోల్చాలంటే టూకీ పద్ధతి.

ఏ పద్ధతి వాడతారో విత్తకముందే సినాప్సిస్‌లో (థీసిస్ ప్రణాళికలో) రాయండి. పట్టికలో 20 పీ విలువలూ ఇవ్వండి.