హీటర్‌, పంపు ఒకటిగా ఉండే డిష్‌వాషర్లు: కడగడంలో మేలేనా?

పాతరకం డిష్‌వాషర్‌లో హీటర్ కాయిల్ తొట్టి అడుగున బయటికే కనిపిస్తుంది. ఇప్పుడు చాలా మోడళ్లలో హీటర్‌ని సర్క్యులేషన్ పంపులోనే (నీళ్లను తిప్పితిప్పి చల్లే పంపు) కలిపేశారు. నీళ్లు పంపులోంచి పోతూనే కాగుతాయి. కడగడం వరకూ చూస్తే ఈ రెండో రకానిదే పైచేయి. కాకపోతే నీటి ప్రవాహం తగ్గిందంటే దీనికి వేడి కూడా పోతుంది. పాతదానికన్నా ఇది ఈ విషయంలో సుకుమారం.

ఒక విడతకు మిషన్ పట్టుకునేది మూడు నాలుగు లీటర్లే, వాటినే తిప్పితిప్పి చల్లుతుంది. 4 లీటర్లను 25 డిగ్రీల నుంచి 65కి తేవడానికి 2000 వాట్ల హీటర్‌కి లెక్కప్రకారం ఆరు నిమిషాలు చాలు. కానీ గిన్నెలూ స్టీలు గోడలూ కూడా కాగాలి కాబట్టి నిజంలో అంతకన్నా బాగా ఎక్కువే పడుతుంది. ఈ నిదానం లోపమేమీ కాదు. డిటర్జెంట్‌లోని ఎంజైములు 40–60 డిగ్రీల మధ్య చురుగ్గా ఉంటాయి: ప్రోటియేజ్ మాంసకృత్తుల్ని, అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడతాయి. మొదటే మరీ వేడినీళ్లు తగిలితే గుడ్డుసొన ఉడికి గిన్నెకు అతుక్కుపోతుంది. అందుకే వేడినీళ్ల పైపుకి కలపడం కన్నా చన్నీళ్ల కనెక్షనే నయం. ముదిరిన జిడ్డుకు 65–70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రాం పెట్టాలి. ఎకోలో వేడి తక్కువ, ఆ లోటును ఎక్కువసేపు తిప్పి పూడుస్తుంది. తొందరపడి క్విక్ వాష్ పెడితే టాబ్లెట్ సగం కరగకుండానే మిగలొచ్చు, ఆ తప్పు టాబ్లెట్‌ది కాదు.

ఇక ప్రవాహం. స్ప్రే ఆర్మ్‌లకు మోటారు ఉండదు. రంధ్రాల్లోంచి ఏటవాలుగా చిమ్మే నీటి తాకిడికే తిరుగుతాయి. ఒత్తిడి కాస్త తగ్గినా నెమ్మదిస్తాయి, పొడవాటి గరిటె అడ్డొస్తే ఆగిపోతాయి. అప్పుడు ఒక మూల గిన్నెలు మెరుస్తాయి, ఇంకో మూల మురికిగానే ఉంటాయి. కొన్ని మోడళ్లలో వాల్వ్ నీటిని ఒకసారి కింది ఆర్మ్‌కీ ఒకసారి పై ఆర్మ్‌కీ మళ్లిస్తుంది, దాంతో తక్కువ నీళ్లకే తగినంత ఒత్తిడి వస్తుంది. ఆ వాల్వ్ ఇరుక్కుంటే పై అరలోవో కింది అరలోవో గిన్నెలు మాత్రమే కడుగుతుంది.

ఫిల్టర్ మూసుకుపోతే పంపుకి నీళ్లు చాలక గాలిని పీలుస్తుంది, శబ్దం గరగరగా మారుతుంది. గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ వేసినా ఇదే గతి, నురగలో పంపుకి పట్టు దొరకదు. ఒత్తిడి చాలకపోతే మిషన్ హీటర్‌ని అసలు ఆన్ చేయదు, ఎందుకంటే నీళ్లు లేకుండా కాగితే కాయిల్ మాడిపోతుంది. 'నీళ్లు వేడెక్కట్లేదు' అన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే, హీటర్ ఏ పాపమూ ఎరగదు. దాన్ని మార్చే ముందు ఫిల్టర్ విప్పి బ్రష్‌తో కడగాలి, ఆర్మ్‌ల రంధ్రాల్లో గుచ్చి చూడాలి, ఇన్‌లెట్ పైపు జాలీ కూడా వదలొద్దు.

ప్రోగ్రాం మొదలైన 25 నిమిషాలకు తలుపు కొంచెం తెరిచి, ఆవిరి పోయాక అడుగునీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి. ఆర్మ్ ఏ దిక్కున ఉందో గుర్తుపెట్టుకుని మూసి, నిమిషం తర్వాత మళ్లీ తెరవండి. రెండుసార్లూ అదే దిక్కున ఆగి ఉంటే అది తిరగట్లేదేమోనని అనుమానించాలి. ఆర్మ్ బాగా తిరుగుతూ నీళ్లు మాత్రం చల్లగా ఉంటేనే హీటర్ మీదికి వెళ్లాలి: ప్లగ్ పీకి మల్టీమీటర్ పెడితే 230 వోల్టుల 2000 వాట్ల కాయిల్ సుమారు 26 ఓములు చూపాలి. అది సరిగ్గానే ఉంటే ఉష్ణోగ్రత సెన్సర్‌, రిలే (హీటర్‌కి కరెంటు వదిలే స్విచ్) చూడాలి.

ఈ రకానికి ఉన్న పెద్ద ఇబ్బంది రిపేరు. చాలా మోడళ్లలో హీటర్ ఒక్కటే దొరకదు, పంపుతో సహా మార్చాలి. పాతరకంలో కాయిల్ ఒక్కటి మారిస్తే సరి. అయితే దాని మీద ప్లాస్టిక్ మూత జారిపడితే కరిగి కంపు కొడుతుంది. హార్డ్ వాటర్ ఉన్నచోట లోపలి హీటర్‌కి సున్నపు పొర పడుతుంది, అది కంటికి కనపడదు కూడా. సాల్ట్ ఎప్పుడూ నింపుతూ, సాఫ్ట్‌నర్‌ని (నీటి కాఠిన్యం తగ్గించే భాగం) తమ నీటికి తగ్గట్టు సెట్ చేసుకునే ఓపిక లేనివాళ్లు ఈ రకం కొనకపోవడమే మంచిది. కొనేముందు వాట్లు అడిగేకన్నా ఫిల్టర్‌, ఆర్మ్‌లు పనిముట్లు లేకుండా చేత్తోనే ఊడతాయా, పంపు యూనిట్ స్పేర్‌గా దొరుకుతుందా అని అడగండి.