పవర్ పెంచిన కారుకి ఏ క్లచ్, ఏ ఫ్లైవీల్ మేలు?

పెద్ద గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున పైకి లేచి బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ట్యూన్ చేయించిన టర్బో కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి మామూలు కార్లలో వచ్చే ఆర్గానిక్ ప్లేటా, సిరామిక్కా, ట్విన్ ప్లేటా అన్న తర్జనభర్జన మొదలు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఫ్లైవీల్, అంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించే బరువైన చక్రం, క్లచ్ ప్లేటు పట్టుకునేది దాన్నే. ప్లేటు ఎలాంటిది కావాలో దాన్ని బట్టే ఉంటుంది.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటే రెండు ముక్కలు, మధ్యలో వంపు తిరిగిన స్ప్రింగులు. సిలిండర్లు ఒక్కొక్కటే మండుతుంటే క్రాంక్‌షాఫ్ట్‌లో పుట్టే కుదుపుని ఆ స్ప్రింగులే మింగేస్తాయి. అందుకే దీనికి జోడీగా వచ్చే క్లచ్ ప్లేటు మధ్యలో చాలా కార్లలో స్ప్రింగులు ఉండవు. సింగిల్ మాస్ ఒకటే దిమ్మ. కుదుపుని ఆపే ఏర్పాటు అందులో లేదు కాబట్టి ఆ పని ప్లేటులోని స్ప్రింగులు చెయ్యాలి. సింగిల్ మాస్ వేసి పాత ప్లేటులాంటిదే బిగిస్తే దెబ్బంతా గేర్‌బాక్స్ తింటుంది. స్ప్రింగుల ప్లేటు వేసినా న్యూట్రల్‌లో, ఐడిల్ మీద కొంత గలగల తప్పకపోవచ్చు. క్లచ్ తొక్కగానే ఆగిపోయే ఆ చప్పుడు విని గేర్‌బాక్స్ పోయిందనుకుని విప్పించేవాళ్లూ ఉంటారు.

మరి సింగిల్ మాస్ ఎందుకు? బరువు తగ్గించడం కోసం. ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఇరుసు నుంచి 11 సెంటీమీటర్ల దూరాన ఉన్న 4 కిలోల లోహం తీసేశామనుకుందాం. చక్రం వ్యాసార్థం 30 సెంటీమీటర్లు, ఫస్ట్ గేర్‌లో మొత్తం రేషియో (చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఇంజిన్ తిరిగే చుట్లు) 13 అయితే, వేగం అందుకునేటప్పుడు కారు బరువు దాదాపు 90 కిలోలు తగ్గినట్టు ఉంటుంది. మొత్తం రేషియో 3 ఉండే పెద్ద గేర్‌లో అదే లాభం 5 కిలోలకు పడిపోతుంది. రేషియో వర్గంతో గుణించాలి మరి. అంటే తేలిక ఫ్లైవీల్ ఫలితం చిన్న గేర్లలో, గేర్ దించేటప్పుడు ఆర్‌పీఎం కలపడంలో తెలుస్తుంది. హైవే మీద ఓవర్‌టేక్‌కి పెద్ద తేడా ఉండదు. ఇంజిన్ పవర్ ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు.

దానికి కట్టాల్సిన మూల్యం ట్రాఫిక్‌లో. నిలిచిన చోటు నుంచి కదిలించేటప్పుడు బండి ఆగిపోతుంటుంది, హాఫ్ క్లచ్ ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది, ప్లేటు వేడెక్కుతుంది. కొన్ని కార్లలో క్రాంక్ వేగంలో ఒడుదొడుకులు చూసి ఈసీయూ (ఇంజిన్‌ని అదుపు చేసే కంప్యూటర్) మిస్‌ఫైర్, అంటే సిలిండర్ సరిగా మండలేదని పొరబడి ఇంజిన్ లైటు కూడా వెలిగిస్తుంది.

ఇక ప్లేటు. క్లచ్ మోయగల టార్క్‌ని నిర్ణయించేవి నాలుగు: రాపిడి గుణం, ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమిపట్టే భాగం) నొక్కుడు, ప్లేటు సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. గట్టి ప్రెజర్ ప్లేట్ వేస్తే ఆర్గానిక్ ప్లేటుతోనే చాలావరకు నెట్టుకురావచ్చు. పట్టు మెత్తగా ఉంటుంది. పెడల్ మాత్రం బరువవుతుంది, తొక్కినప్పుడల్లా క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది) మీద ఒత్తిడి పెరుగుతుంది. సిరామిక్ ముక్కల ప్లేటు వేడికి బెదరదు, టార్క్ బాగా మోస్తుంది. కానీ పట్టిందా లేదా అన్నట్టే ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. రివర్స్‌లో ఎత్తు ఎక్కించి పార్క్ చెయ్యాలంటే కారు గడగడ వణుకుతుంది. ఫ్లైవీల్ ముఖాన్నీ త్వరగా అరగదీస్తుంది. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన ప్లేటు పట్టు మెత్తగా ఉంటుంది, మన్నుతుంది, కానీ ఒకసారి బాగా కాలి నున్నబడితే మళ్లీ కోలుకోవడం కష్టం. ట్విన్ ప్లేటులో ముఖాలు రెండు నుంచి నాలుగవుతాయి కాబట్టి అంత నొక్కుడు అక్కర్లేదు, పెడల్ తేలిగ్గానే ఉంచవచ్చు. ఖరీదు ఎక్కువ, కొన్ని రకాలు పెడల్ తొక్కినప్పుడు మోత పెడతాయి.

రోజూ ఆఫీసుకి నడిపే కారు, ట్యూన్ కూడా ఓ మోస్తరుదే అయితే డ్యూయల్ మాస్ ఉంచుకుని ఆర్గానిక్ ప్లేటు, గట్టి ప్రెజర్ ప్లేట్ చాలు. అయితే డ్యూయల్ మాస్‌కీ టార్క్ హద్దు ఉంటుంది, అది దాటాక స్ప్రింగులు చివరికంటా నలిగి దెబ్బతింటాయి. అంత టార్క్ ఉన్నా రోడ్డు మీదే తిరిగే బండికి ట్విన్ ప్లేటు, మధ్యరకం బరువున్న సింగిల్ మాస్ నయం. సిరామిక్, బాగా తేలిక ఫ్లైవీల్ ట్రాక్ కారుకే వదిలేయండి. స్టేజ్ 1, స్టేజ్ 2 అన్న పేర్లు చూసి కొనకండి, ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం. ఎన్ని న్యూటన్ మీటర్లు మోస్తుందో అడగండి, మీ ఇంజిన్ గరిష్ఠ టార్క్‌కి 20 నుంచి 30 శాతం పైన ఉండేలా చూసుకోండి.

గేర్‌బాక్స్ ఎలాగూ దింపుతారు కనుక రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడిపించేది), క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా అప్పుడే మార్పించండి. సీల్ కారి కొత్త ప్లేటుకి ఆయిల్ అంటిందంటే ఎంత ఖరీదైనదైనా జారుతుంది. సాగే రకం ఫ్లైవీల్ బోల్టులైతే పాతవి మళ్లీ బిగించకూడదు. ఆర్గానిక్ ప్లేటైతే మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లో నెమ్మదిగా, తరచూ గేర్లు మారుస్తూ నడిపించాలి. హైవే మీద ఒకే గేర్‌లో పోయిన కిలోమీటర్లు ఆ లెక్కలోకి రావు.