ఐర్లండ్ కరువు చరిత్రకు ఒక్క రోజు: డబ్లిన్, కోవ్, స్ట్రోక్స్‌టౌన్‌లలో ఏది మేలు?

డబ్లిన్ వచ్చే మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: 1845 నాటి బంగాళాదుంప కరువు, ఆ వలసల చరిత్ర చూడాలి, చేతిలో ఒక్క రోజే ఉంది, ఎటు వెళ్లమంటారని.

కారు లేకపోయినా, వెంట చిన్నపిల్లలున్నా డబ్లిన్ చాలు. లిఫీ నది ఒడ్డున మూటలు పట్టుకుని నడిచే బక్కచిక్కిన కంచు విగ్రహాలు, కరువు వలసదారుల్ని మోసిన జీనీ జాన్‌స్టన్ ఓడ నమూనా, వలసల చరిత్ర చెప్పే ఎపిక్ మ్యూజియం అన్నీ నడిచి చూసేయొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, అసలు జీనీ జాన్‌స్టన్‌లో ఒక్క ప్రాణమూ పోలేదు. 1847లో కెనడాలోని క్యూబెక్ వెళ్లిన ఓడల్లోనేమో శవాలను సముద్రంలోకి దించుతూ పోయారు. ఆ ఘోరం ఇక్కడ తెలియదు.

దక్షిణాన కార్క్ నగరం దగ్గరి కోవ్ అందమైన రేవు. 1892 జనవరి 1న న్యూయార్క్ వలస కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌లో మొదట నమోదైన ఐరిష్ అమ్మాయి ఆనీ మూర్ విగ్రహం అక్కడుంది. కానీ టైటానిక్ చివరి మజిలీ కూడా అదే కావడంతో కరువు కాస్త వెనక్కిపోయింది. కార్క్‌లో బస చేస్తే వెళ్లండి. న్యూ రాస్ అనే ఊళ్లో డన్‌బ్రోడీ అని ఇంకో కరువు ఓడ నమూనా ఉంది. ఒకటి చూస్తే చాలు.

నా ఓటు మాత్రం రోస్‌కామన్ కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్‌కే. అక్కడి పాత భూస్వామి ఎస్టేటులో ఇప్పుడు కరువు మ్యూజియం ఉంది. ఈ జనాన్ని ఓడ ఎక్కించిందెవరో తెలిసేది అక్కడే. 1979లో ఆ ఎస్టేటు కొన్న స్థానిక గరాజ్ యజమానికి పాత కాగితాల కట్టలు దొరికాయి. వాటిలో 1846 నాటి కౌలుదార్ల అర్జీ ఒకటి: దుంపలు కుళ్లిపోయాయి, ఇంట్లోవాళ్ల ఆకలి ఏడుపులు ఇక తట్టుకోలేం, పని ఇప్పించండి అని. మరుసటి ఏడాదే భూస్వామి డెనిస్ మహోన్ 1,490 మందిని డబ్లిన్‌కు నడిపించి, అక్కణ్నుంచి లివర్‌పూల్ మీదుగా క్యూబెక్ పంపించాడు. పేదల్ని పెట్టే వర్క్‌హౌస్‌లో పోషించడం కంటే ఓడ టికెట్టే చవకని అతని ఏజెంటు లెక్క తేల్చాడు మరి. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. ఆ నవంబరులోనే మహోన్‌ను కాల్చి చంపారు. అదే ఎస్టేటు బంగళాలో వంటగది పైన ఒక వసారా ఉంటుంది. దొరసాని అక్కణ్నుంచి వారం వంటకాల చీటీ కిందికి జారవిడిచేదట!

అన్నట్టు, లండన్ ఖజానాలో కూర్చుని ఈ కరువు సాయాన్ని పిసినారిగా నడిపిన చార్లెస్ ట్రెవెల్యాన్ 1859లో మద్రాసు గవర్నరయ్యాడు. అప్పట్లో మన కోస్తా, సీమ జిల్లాలు అతని ఏలుబడిలోనివే.

డబ్లిన్ నుంచి కారులో రెండు గంటల దారి. రైలైతే లాంగ్‌ఫర్డ్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోవాలి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చి లిఫీ ఒడ్డు విగ్రహాలు కూడా చూడొచ్చు. వాటికి టికెట్టు లేదు.