పొటాషియం తగ్గితే ఏది మేలు: తిండా, ఉప్పు పొడా, మాత్రలా?

అర్ధరాత్రి పిక్క పట్టేసి ప్రాణం పోయినంత పనై లేచి కూర్చోవడం ఒకే వారంలో మూడోసారి జరిగితే గానీ నేను రక్తపరీక్షకు కదల్లేదు. రిపోర్టులో పొటాషియం 3.2. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. అప్పటికి రెండు నెలలుగా పిండిపదార్థాలు బాగా తగ్గించి తింటున్నాను, అదీ షుగర్ కోసం, కాబట్టి డైట్ మానేస్తే సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. విన్న ప్రతివాళ్లూ ఇచ్చిన సలహా ఒక్కటే: అరటిపండు తిను. నేను తినకూడనివాటిలో మొదట ఉన్నదే అది!

నిజానికి అరటిపండుకి అంత పేరెందుకో తెలీదు. మధ్యరకం పండులో 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే, దాంతోపాటు 27 గ్రాముల పిండిపదార్థం వచ్చి పడుతుంది. ఉడికించిన పాలకూర ఒక కప్పులో 800 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. అదే పచ్చి ఆకు కప్పు నిండా తీసుకుంటే 170 కూడా ఉండదు, ఎందుకంటే కప్పులో సగం గాలే. సగం అవకాడోలో 480 దాకా, పుట్టగొడుగులు వంద గ్రాముల్లో 300 పైచిలుకు. ఇంకో సంగతి, ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే పొటాషియంలో మంచి వాటా సింకులోకి పోయినట్టే, సూప్‌లా చేసుకుని తాగేయడం నయం. తిండితో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, కిడ్నీలు బాగున్నవాళ్లకి ఎక్కువైపోతుందేమోనన్న టెన్షన్ దాదాపు ఉండదు. కష్టమల్లా లెక్క దగ్గరే. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 3510 మిల్లీగ్రాములు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, పళ్లూ దుంపలూ పప్పులూ పక్కన పెట్టేశాక అంత అందుకోవాలంటే రోజంతా ఆకులు నములుతూ కూర్చోవాలి.

మరి ఉప్పు పొడి సంగతి? అంటే మామూలు ఉప్పుకి బదులుగా అమ్మే పొటాషియం క్లోరైడ్. పావు టీస్పూన్‌లో 600 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, పిండిపదార్థం సున్నా. చూడ్డానికి అన్నిటికన్నా తేలిక దారి ఇదే, నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సిందీ ఇదే. చేతికొచ్చినంత చల్లుకుంటాం, ఎంత వేశామో ఎవరికి గుర్తు? కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీకి ఎనలాప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లు, స్పిరోనోలాక్టోన్ వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి పోకూడదు. ఆ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి, దానిమీద ఇది కూడా పడితే ఈసారి అంకె అటువైపు పెరిగిపోయి గుండె లయ తప్పుతుంది.

మాత్రల విషయానికొస్తే, డాక్టర్ రాసే పొటాషియం క్లోరైడ్ 20 మిల్లీ ఈక్వివలెంట్ల మాత్ర ఒక్కదాంట్లో 780 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. చీటీ లేకుండా దొరికే సప్లిమెంట్లు చాలావాటిలో 99 మాత్రమే, అంటే పావు అరటిపండు, అవి వేసుకుని ఏదో చేసేశామనుకోవడం ఉత్త భ్రమ. వాంతుల వల్లో, ఎక్కువ మూత్రం పోయేలా చేసే మందుల వల్లో పొటాషియం పడిపోతే దాంతోపాటు క్లోరైడ్ కూడా పోతుంది. తిండిలోని పొటాషియం ఎక్కువగా ఫాస్ఫేట్, సిట్రేట్ రూపంలో ఉంటుంది కాబట్టి అక్కడ తిండి ఒక్కటే చాలదు, క్లోరైడ్ మాత్రదే పైచేయి. అయితే అది చిక్కుడు గింజంత ఉంటుంది. ఓ రాత్రి ఒక్క గుక్క నీళ్లతో మింగి పడుకున్నాను, తెల్లారేదాకా గుండెల మధ్య నిప్పు పెట్టినట్టే. తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వెంటనే నడుం వాల్చకూడదు, నెమ్మదిగా కరిగే రకమైతే నలిపి పొడి చేయకూడదు.

ఇంతా చేసి రెండు వారాల తర్వాత నా అంకె 3.3. అడుగు చిల్లిపడ్డ కుండలో నీళ్లు పోసినట్టయింది. అప్పుడు డాక్టర్ మెగ్నీషియం చూపించమన్నారు, అదీ తక్కువే. మెగ్నీషియం తక్కువైతే కిడ్నీలు పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తూనే ఉంటాయట, పైనుంచి ఎంత పోసినా నిలవదు. రెండో చిల్లి డైట్‌దే. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు సోడియాన్ని నీళ్లతో సహా వదిలేస్తాయి, ఆ సోడియాన్ని పట్టి ఉంచడానికి ఒళ్లు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెంచుతుంది, అది సోడియాన్ని ఆపి పొటాషియాన్ని బయటికి పంపిస్తుంది. ఆరోగ్యం పేరుతో ఉప్పు కూడా దాదాపు మానేసిన నేను ఈ సంగతి విని నోరెళ్లబెట్టాను. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి ఉప్పు పెంచేయకండి, అది వేరే లెక్క.

కాబట్టి నా ఓటు: 3 నుంచి 3.5 మధ్య ఉండి వేరే జబ్బులేవీ లేకపోతే ముందు మెగ్నీషియం టెస్టు, ఆపైన తిండి, డాక్టర్ రాస్తే కొన్నాళ్లు మాత్రలు. ఉప్పు పొడి నాకు మూడో స్థానమే, అదీ కొలిచి వేసుకుంటేనే. 3 కన్నా తగ్గినా, గుండె దడదడలాడినా, కాళ్లూ చేతులూ సత్తువ లేక జారిపోతున్నా, గుండె జబ్బుకిచ్చే డిగాక్సిన్ మందు వాడుతున్నా ఈ పోలికలన్నీ కట్టిపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవడమే.

మెగ్నీషియం మొదలుపెట్టిన నెలకి నాకు 4.1 వచ్చింది. అన్నట్టు, రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగిస్తూ వదులుతూ ఉండకండి, లేని పొటాషియం రిపోర్టులో ఉన్నట్టు కనిపిస్తుంది.