నవల రాసినవాడే టీవీకి రాస్తే మేలా, ఇంకొకరు రాస్తే మేలా?

టెక్సస్ నవలాకారుడు లారీ మెక్‌మర్ట్రీ విషయంలో దీనికి ఊహాగానాలు అక్కర్లేదు. ఆయన సృష్టించిన పాత్రలు టీవీకి మూడు దారుల్లో వచ్చాయి.

కౌబాయ్‌ల (గుర్రాలపై పశువులు తోలేవాళ్ల) కథ 'లోన్‌సమ్ డవ్' 1970ల్లో సినిమా స్క్రిప్టుగా పుట్టింది. హాలీవుడ్ నటుడు జాన్ వేన్ కాదనడంతో మూలపడింది. మెక్‌మర్ట్రీ దాన్ని తిరిగి కొనుక్కుని నవలగా మలిచాడు. 1985లో పుస్తకం, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి. 1989లో అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్ దాన్ని నాలుగు భాగాలుగా ప్రసారం చేసింది. ఆ స్క్రిప్టు మాత్రం ఇంకో టెక్సస్ రచయిత బిల్ విట్లిఫ్‌ది. ఎనిమిది వందల పైచిలుకు పేజీలను ఆరు గంటల్లోకి తెచ్చినా ఎక్కడా తన ప్రతిభ చూపించుకోవాలని పాకులాడలేదు. ప్రధాన పాత్రలైన ఇద్దరు స్నేహితుల్లో గస్ కబుర్లు, కాల్ మౌనం రెండూ దక్కాయి. రాబర్ట్ డువాల్, టామీ లీ జోన్స్ ఆ రెండు పాత్రల్లో జీవించారు. ఏడు ఎమ్మీ టీవీ అవార్డులు వచ్చాయి.

1993లో దానికి కొనసాగింపుగా టీవీలో 'రిటర్న్ టు లోన్‌సమ్ డవ్' వచ్చింది. అందులో మెక్‌మర్ట్రీ చెయ్యే లేదు. అదే ఏడాది వెలువడిన ఆయన సొంత కొనసాగింపు నవలలో అప్పటికే చనిపోయిన న్యూట్ (మొదటి కథలోని కుర్రాడు), ఇక్కడ ప్రధాన పాత్ర! పాత్రల పేర్లు వాడుకున్నారంతే.

ఆ కొనసాగింపు నవలే 'స్ట్రీట్స్ ఆఫ్ లారెడో'. 1991లో గుండె ఆపరేషన్ అయ్యాక మెక్‌మర్ట్రీ తీవ్రమైన డిప్రెషన్‌లో పడిపోయాడు. ఆ రోజుల్లో అరిజోనాలోని టూసాన్‌లో స్నేహితురాలు డయానా ఒసానా ఇంట్లో ఉండి ఇది రాశాడు. 1995లో టీవీ స్క్రిప్టు ఇద్దరూ కలిసి రాశారు. కౌబాయ్‌ని వీరుడిగా కొలవడం ఆయనకు గిట్టదు. మొదటి నవలని జనం సరిగ్గా అందుకే నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ ఆ అవకాశం ఇవ్వలేదు. ముసలి కాల్ ఒక చెయ్యి, ఒక కాలు పోగొట్టుకుంటాడు. చూడ్డానికి కష్టంగా ఉంటుంది, కానీ రచయిత చెప్పదలచుకున్నది ఇదే.

అయినా నా ఓటు విట్లిఫ్‌కే. సొంత కథ అంటే ఏది వదలాలో తెలియదు. 2008లో అదే పాత్రల తొలినాళ్ల కథ 'కమాంచీ మూన్'కి మెక్‌మర్ట్రీయే ఒసానాతో కలిసి స్క్రిప్టు రాశాడు, పైగా 1989 నాటి దర్శకుడు సైమన్ విన్సరే తీశాడు. ఆ స్థాయి మాత్రం రాలేదు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మెక్‌మర్ట్రీ, ఒసానాలకు 2006లో స్క్రిప్టుకి ఆస్కార్ తెచ్చిన సినిమా 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' వాళ్ల కథ కాదు, రచయిత్రి ఆనీ ప్రూ కథ.

కొత్తగా చూసేవాళ్లు 1989ది, తర్వాత 1995ది చూడండి. 1993ది వదిలేసినా నష్టం లేదు.