ప్లేస్‌మెంట్ టెస్ట్: ఇంటర్ వేడి మీదే రాయడం మేలా, చదువుకొని రాయడం మేలా?

ఎంపీసీ ముగించి, ఇంజనీరింగ్ కోసమో కంప్యూటర్ సైన్స్ కోసమో నేరుగా అమెరికాలో బ్యాచిలర్స్‌లో చేరే పిల్లలు మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఇప్పటికీ కొద్దిమందే. ఎంఎస్‌కు వెళ్లిన అన్నలు, అక్కలు ప్రతి వీధిలోనూ ఉన్నారు గాని, వాళ్లెవరూ రాయని పరీక్ష ఒకటి ఈ పిల్లలకు ఎదురవుతుంది. సీటు ఖరారైన తర్వాత, తరగతులు మొదలుకాకముందు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని రాసే గణితం ప్లేస్‌మెంట్ టెస్ట్ అది. (మన దగ్గర ప్లేస్‌మెంట్ అంటే కొలువు, ఈ మాట విని, చదువు మొదలుకాకముందే కొడుకుకు ఉద్యోగం వచ్చిందని చుట్టాలకు ఫోన్లు చేసిన తండ్రి ఒకరు నాకు తెలుసు.) ఈ పరీక్ష సీటు ఇచ్చేదీ కాదు, సీటు తీసేసేదీ కాదు, మొదటి సెమిస్టర్‌లో ఏ గణితం కోర్సుతో మొదలుపెట్టాలో తేల్చేది మాత్రమే.

జూనియర్ కళాశాలలో గణితం చెప్పే నన్ను ఏటా మే నెలలో ఒకరిద్దరు తల్లిదండ్రులు ఒకే ప్రశ్న అడుగుతారు. ఇంటర్ పరీక్షలు, ఎప్‌సెట్ ముగిసిన వేడి మీదే దీన్ని కూడా రాసేస్తే మంచిదా, లేక నెలా రెండు నెలలు చదువుకొని జూలైలో రాస్తే మంచిదా? అక్కడికి చేరుకున్నాక కళాశాలలోనే రాస్తే సరిపోదా అని అడిగేవారూ ఉన్నారు. జవాబు చెప్పాలంటే ముందుగా ఆ పరీక్ష ఎలాంటిదో చూడాలి.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొన్ని సొంత పరీక్ష పెడతాయి, కొన్ని అక్కడి కళాశాల ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో గణితం మార్కులను చూసి మినహాయింపు ఇస్తాయి, చాలా చోట్ల మాత్రం అలెక్స్ అనే పరీక్షను వాడతారు. ఇది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో 1990ల్లో రూపుదిద్దుకున్నది. 2013 నుంచి మెక్‌గ్రా హిల్ సంస్థ చేతిలో ఉన్నది. దీని వెనక ఉన్న సిద్ధాంతాన్ని 1985లో డోయ్నాన్, ఫాల్మాన్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. వర్గ సమీకరణాన్ని సాధించగలిగిన విద్యార్థికి ఏకఘాత సమీకరణం వచ్చే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా అడగనవసరం లేదన్నది అందులోని మూలసూత్రం. అందుకే మూడు వందలకు పైగా అంశాలున్నా అడిగే ప్రశ్నలు 30కి మించవు. ఒక జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. చివరికి 0 నుంచి 100 లోపు ఒక స్కోరు వస్తుంది. అవకలనం, సమాకలనం మొదలయ్యే కాలిక్యులస్ వన్ కోర్సులో చేరడానికి దాదాపు 75 దాటాలని అడిగే విశ్వవిద్యాలయాలు ఎక్కువ. ఆ గీత ఎక్కడుందో చేరబోయే చోటి నిబంధనల్లో చూసుకోవాలి.

మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఈ పరీక్షలో అవకలనం, సమాకలనం అసలు ఉండవు. వాస్తవ సంఖ్యలు, సమీకరణాలు, అసమీకరణాలు, బహుపదులు, అకరణీయ సమాసాలు, కరణులు, ఘాత ప్రమేయాలు, సంవర్గమానాలు, కొంత జ్యామితి, త్రికోణమితి, అంతటితో సరి. అంటే ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ టూ బీ పేపర్‌లో నిశ్చిత సమాకలనులను నిద్రలో కూడా చేయగలిగే కుర్రాణ్ని కూర్చోబెట్టి, ఎనిమిది నుంచి పదకొండు తరగతుల మధ్య ఎక్కడెక్కడ అతుకులు వేసుకొని వచ్చాడో అడిగే పరీక్ష ఇది. సంవర్గమానాలు మన రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి మొదటి అధ్యాయమైన వాస్తవ సంఖ్యల్లో వస్తాయి; ఇంటర్‌లో వాటికి ప్రత్యేక అధ్యాయం లేదు, అవి వచ్చే ఉంటాయనుకొని ముందుకు పోతాం. ఆ అధ్యాయాన్ని పబ్లిక్ పరీక్ష మార్కుల కోసం గట్టెక్కించినవారికి ఆ లోటు ఇక్కడ బయటపడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండు ఎక్స్ మైనస్ ఆరు లవంగా, ఎక్స్ వర్గం మైనస్ తొమ్మిది హారంగా ఉన్న భిన్నాన్ని తీసుకుందాం. ఎక్స్ మూడుకు చేరువైనప్పుడు దీని అవధి ఎంత అంటే మా ఫస్టియర్ పిల్లలు లెక్క పూర్తిగా చదవకముందే 1/3 అంటారు. అదే భిన్నాన్ని ఇచ్చి, దీని ప్రదేశం చెప్పు, ఏ బిందువు దగ్గర రేఖకు రంధ్రం ఉంది, అనంతస్పర్శరేఖలు ఏవి, తెరమీద గ్రాఫ్ గీసి చూపించు అంటే సగం తరగతి నా ముఖం చూస్తుంది. తప్పు పిల్లలది కాదు. పదిహేనేళ్లుగా మేం గ్రాఫును బల్లమీద ఒకసారి గీసి, ‘ఇది పరీక్షలో రాదు’ అని తుడిచేస్తున్నాం.

ఇక వేడి మీద రాయడానికి అనుకూలంగా చెప్పవలసింది లేకపోలేదు. మే నెల నాటికి చేతికి వేగం ఉంటుంది, త్రికోణమితి సూత్రాలు నాలుక చివర ఉంటాయి, రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే అలవాటు ఇంకా చెడిపోదు. జూన్ వచ్చేసరికి వీసా ఇంటర్వ్యూ, బ్యాంకు కాగితాలు, టికెట్లు, పెళ్లిళ్లు; ఆ సందడిలో పుస్తకం తెరుస్తారన్న నమ్మకం నాకు లేదు. అయితే ఆ వేగంతో పాటు ఎప్‌సెట్ అలవాట్లు కూడా వస్తాయి. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితం. నాలుగు ఆప్షన్లలో ఒకటి, నెగెటివ్ మార్కులు లేవు, రానిదాన్ని వదిలి చివర్లో వచ్చి ఏదో ఒకటి పెట్టవచ్చు. ఇక్కడ చాలా ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబును సూక్ష్మీకరించి టైప్ చేయాలి. దాటిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి రాలేరు. 30 ప్రశ్నలకు గంటన్నర పట్టినా తొందరేమీ లేదు. నిమిషానికొకటి చొప్పున కొట్టిపారేసే చేతికి ఆ నిదానం తేలిగ్గా రాదు. రానిదానికి ‘తెలియదు’ అనే బటన్ ఉంటుంది. మన పిల్లలు దాన్ని అవమానంగా భావించి ఊహించి రాస్తారు. ఊహ ఒప్పైతే పరీక్ష వాళ్లను తమ స్థాయికి మించిన ప్రశ్నల్లోకి తీసుకుపోతుంది.

చదువుకొని రాయడంలో అసలు లాభం నెలల సంఖ్యలో లేదు, ఏం చదవాలో తెలియడంలో ఉంది. అలెక్స్‌లో ఒకసారి రాసిన వెంటనే వృత్తాకార పటంలో ఏ అంశం ఎంత వచ్చిందో కనిపిస్తుంది. రాని అంశాలను ఒక్కొక్కటిగా నేర్పే అభ్యాస విభాగం తెరుచుకుంటుంది. అందులో నిర్ణీత గంటలు పనిచేశాక మళ్లీ రాయనిస్తారు. ఎన్నిసార్లన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది, చాలా చోట్ల ఒకటికి మించే ఉంటుంది. కాబట్టి మొదటి పరీక్ష రాయకుండానే రెండు నెలలు చదవడమంటే నొప్పి ఎక్కడో చూడకుండా ఒళ్లంతా పట్టీలు వేసుకోవడమే. పాత ఇంటర్ పుస్తకాలు మళ్లీ తిరగేసే పిల్లలు చేసే పని అదే. తమకు వచ్చిన శాంకవాలను, ద్విపద సిద్ధాంతాన్ని మరోసారి చదువుకొని, రాని అసమీకరణాలను మరోసారి దాటేస్తారు.

అక్కడికి వెళ్లాక రాద్దామనే మూడో దారి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విద్యార్థులకిచ్చే ఎఫ్‌వన్ వీసాపై తరగతులకు 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు, ఆగస్టులో తరగతులు మొదలవుతాయి, కోర్సుల నమోదు చాలా చోట్ల వేసవిలోనే జరుగుతుంది. నిద్ర సరిపోని మొదటి వారంలో పరీక్ష రాసి, మిగిలిన సెక్షన్‌లో చేరడం ఎవరికీ మేలు కాదు.

అందుచేత నా తీర్పు రెంటికీ మధ్య ఉన్నది గాని, సరిగ్గా నడిమధ్య కాదు. ఎప్‌సెట్ ముగిసిన వారం రోజులు విశ్రాంతి తీసుకొని, టైప్ చేసే పద్ధతీ గ్రాఫ్ గీసే పరికరమూ అలవాటు చేసుకొని, మే నెలలోనే ఎవరి సహాయం లేకుండా మొదటిసారి రాయాలి. ఆ తర్వాత పటం చూపించిన లోట్లపై రోజుకు గంట చొప్పున మూడు, నాలుగు వారాలు పనిచేసి, జూన్ చివర రెండోసారి రాయాలి. రాయడానికి ఒకే అవకాశం ఇచ్చే విశ్వవిద్యాలయమైతే మాత్రం ఈ సలహా చెల్లదు. అప్పుడు పైన చెప్పిన అంశాలను పదో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టి చదివాకే కూర్చోవాలి. కాలిక్యులస్ అవసరం లేని డిగ్రీలో చేరేవారికి మొదటిసారి వచ్చిన స్కోరే చాలు.

ఇంట్లో రాయాలా, హైదరాబాద్‌లో రాయాలా అన్నది మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్‌లోని చుట్టాల ఇంటికి, మహబూబ్‌నగర్ వాళ్లు శంషాబాద్ వైపు చుట్టాల ఇంటికి పిల్లలను పంపడం సాధారణం. పరీక్షపై నిఘా ఉన్నప్పుడు లాప్‌టాప్ కెమెరాతో గది నాలుగు వైపులా చూపించాలి, తెరమీద వేరే విండోలు తెరవనివ్వని బ్రౌజర్ ఉంటుంది, మరో మనిషి గదిలోకి రాకూడదు. ఈ లెక్కన నెట్ సెంటర్ పనికిరాదు, నలుగురు పిల్లలున్న ఎల్బీనగర్ ఫ్లాట్ కూడా సొంతింటికన్నా గొప్పది కాదు. మేలో సాయంత్రం గాలివాన వస్తే మా దగ్గర కరెంటు పోవడం ఖాయం కాబట్టి పరీక్షను తెల్లవారుజామున పెట్టుకోవాలి. ఆ సమయానికి ఎండ ఉండదు, నెట్ వేగమూ బాగుంటుంది.

మార్కు గీతకు కాస్త దిగువన ఆగినవారి సంగతి ఒకటి మిగిలింది. కాలిక్యులస్‌కు ముందు మెట్టైన ప్రీకాలిక్యులస్‌తో మొదలుపెడితే పునాది గట్టిపడుతుందని కొందరు సలహా ఇస్తారు. అక్కడి పిల్లలకు ఆ మాట నిజం కావచ్చు. ఇంటర్‌లోనే కాలిక్యులస్ ఉన్న వన్ బీ, టూ బీ పేపర్లు చదివిన మన పిల్లలకు అది ఒక సెమిస్టర్ ఫీజుతో కొనుక్కునే పునశ్చరణ. పైగా ఇంజనీరింగ్‌లో భౌతికశాస్త్రం తొలి కోర్సు కాలిక్యులస్ వన్‌తో ముడిపడి ఉంటుంది గనుక, ఒకటి వెనకబడితే రెండూ వెనకబడతాయి. అందుకే గీతకు దగ్గరగా ఆగినవారు మరోసారి రాయడానికి బద్ధకించకూడదు. అయితే గీత దాటడానికి ఎవరి చేతనో రాయించుకోవడం వేరు. మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీ ఆ ‘సేవ’కు ధర కూడా చెప్పింది. రాసిపెట్టినవాడు సెప్టెంబరులో తరగతి గదికి రాడు కదా, క్విజ్‌లో సంవర్గమానాల సమీకరణం వచ్చినప్పుడు ఎవరు రాస్తారని నేను అడిగితే ఆ తండ్రి కాసేపు మాట్లాడలేదు.

గత ఏడాది మిర్యాలగూడకు చెందిన ఒక అమ్మాయి మొదటిసారి రాస్తుండగా వాళ్ల నానమ్మ మజ్జిగ గ్లాసుతో గదిలోకి వచ్చింది. నిఘా దాన్ని నమోదు చేసింది, విశ్వవిద్యాలయానికి సంజాయిషీ ఈమెయిల్ రాయవలసి వచ్చింది. స్కోరు 68. అసమీకరణాలు, అకరణీయ ప్రమేయాల గ్రాఫులు, సంవర్గమానాలు, ఈ మూడింటిలోనే లోటంతా కనిపించింది. నాలుగు వారాల తర్వాత తెల్లవారుజామున ఐదింటికి రెండోసారి కూర్చున్నప్పుడు, ఎవరూ లోపలికి రాకుండా గది బయట గడపమీద కాపలా కూర్చున్నది ఆ నానమ్మే.