క్రెడిట్ పాయింట్ల కోసం చేరిన ఈబీఎం కోర్సు, మూడో వారం దాకా ఓపిక పట్టండి

నిజం చెప్పాలంటే ఈ ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ (ఈబీఎం, అంటే రీసెర్చ్ ఆధారాలు చూసి వైద్యం చేయడం) ఆన్‌లైన్ కోర్సులో చేరింది సీఎంఈ పాయింట్లు, అంటే డాక్టర్లు చదువు కొనసాగిస్తే వచ్చే క్రెడిట్లు, తక్కువ పడుతున్నాయనే. ఆరు వారాలు, డాక్టర్లకి మాత్రమే. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు చెప్పను.

మొదటి రెండు వారాలు పరమ బోర్. మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో గార్డన్ గయాట్ 1991లో ఈ పేరు పెట్టడం దగ్గర మొదలుపెట్టి పీ వాల్యూ, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటూ స్టాటిస్టిక్స్ లెక్కలతో స్లైడ్ మీద స్లైడ్. అందరి కెమెరాలూ ఆఫ్. నేనూ డ్యూటీ మధ్యలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నా, విన్నాననే అనుకుంటున్నా.

మూడో వారం వేరే మేడం వచ్చారు, స్లైడ్లు లేవు, ఈ వారం ఏ పేషెంట్ దగ్గర డౌట్ వచ్చిందో చెప్పండి అన్నారు అంతే, చాట్ బాక్స్ నిండిపోయింది! డాక్టర్లకి ఇలాంటివాటి మీద ఇంట్రెస్ట్ ఉండదంటారు గానీ, లెక్కలతో మొదలుపెడితే ఎవడికుంటుంది చెప్పండి. ఆ డౌట్లనే పికోలో పెట్టించారు, అంటే పేషెంట్ ఎవరు, ఏం ఇస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏం ఫలితం కావాలి అని, తర్వాత ఒక్కో ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసే కాక్రేన్ రివ్యూల్లో వెతికించారు.

నాకు బాగా తగిలింది కాస్ట్ (CAST) అనే మందుల ట్రయల్. గుండెపోటు తర్వాత వచ్చే ఎక్స్‌ట్రా బీట్స్ తగ్గిస్తే ప్రాణం నిలబడుతుందని అప్పట్లో నమ్మేవాళ్లు, వినడానికి కరెక్టే అనిపిస్తుంది కదా, తీరా 1989లో చూస్తే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ బీట్స్ తగ్గించే మందులు ఇచ్చినవాళ్లే ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాళ్లకంటే ఎక్కువమంది చనిపోయారు. ఆపరేషన్ సక్సెస్ పేషెంట్ డెడ్ అని జోకులేస్తాం, ఇక్కడ ఈసీజీ సక్సెస్.

ఇంకోటి, మెడికల్ రెప్ వచ్చి రిస్క్ 50 శాతం తగ్గుతుంది సార్ అంటే 100 మందిలో 2 నుంచి 1కి తగ్గడం కూడా 50 శాతమే, ఒక్కరికి మేలు జరగాలంటే 100 మందికి ఆ మందు వాడాలి. ఈ 100నే ఎన్‌ఎన్‌టీ అంటారు, చదువుకున్నప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టిందే, ఇప్పుడు రెప్‌ని ఎదురు ప్రశ్న వేస్తున్నా.

తిట్లకొస్తే, క్విజ్ ఎన్నిసార్లైనా రాయొచ్చు, కళ్లు మూసుకుని నొక్కినా పాస్. చదవమన్న పేపర్లలో సగం అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం) దాటి తెరుచుకోవు. ఏ ఆధారం ఎంత గట్టిదో తేల్చే గ్రేడ్ (GRADE) పద్ధతి, అసలు కావాల్సిందే అది, ఆఖరి వారం 20 నిమిషాల్లో పరిగెత్తించేశారు.

5కి 3.5 ఇస్తా, ఆ మూడున్నరా మేడం గారివే. చేరేవాళ్లు మొదటి రెండు వారాలు రికార్డింగ్ స్పీడ్ పెంచి చూసేయండి, మూడో వారానికి మాత్రం మీకు డౌట్ మిగిల్చిన పేషెంట్ ఒకరిని గుర్తుపెట్టుకుని రండి.